తోట ఏ పక్క నుంచి కొట్టాలి

"నీకు జంతువులంటే ఇష్టమా?" అని రేవతి మేడమ్ అడిగినప్పుడు ధరణి అవుననేసి ఉంటే సరిపోయేది. అందరూ అవుననే అంటారు. ధరణి మాత్రం, "అంత ఇష్టమేం లేదు మేడమ్. పిల్లి వచ్చి కాళ్లకు రాసుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది," అంది. క్లాసంతా నవ్వింది.

నవ్వడానికి కారణం ఉంది. తిరుపతిలో సైకాలజీ ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతున్న ఆ పిల్లలందరూ ప్రాజెక్టు కోసం పరీక్షల భయమో, సెల్‌ఫోను పిచ్చో ఎంచుకున్నారు. ధరణి ఒక్కతే జీవవైవిధ్యం అని రాసింది. మన చుట్టూ ఉండే జంతువులూ పిట్టలూ తగ్గిపోతుంటే మనుషులకు ఎందుకు పట్టడం లేదు, పట్టాలంటే ఏం చెయ్యాలి అన్నది ఆమె విషయం. సెలవు రోజుల్లో ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్లను వెంటబెట్టుకుని ఊళ్లు తిరుగుతూ, బడిపిల్లలకు బొమ్మలు చూపించడం, గోడలకు పోస్టర్లు అంటించడం అప్పటికే మొదలుపెట్టింది. అలాంటి మనిషి పిల్లి అంటే పడదంటే ఎవరికైనా నవ్వొస్తుంది.

మేడమ్ మాత్రం నవ్వలేదు. మరి ఈ పని ఎందుకు చేస్తున్నావని అడిగింది. భూమి కోసం, రాబోయే తరాల కోసం అని ధరణి ఏదో చెప్పింది. అవి పోస్టరు మీద రాసే మాటలనీ, తన మాట ఏదో తెలుసుకుని రమ్మనీ మేడమ్ పంపేసింది. ఇంకొకరి మనసులో ఏముందో అడగబోయేవాళ్లు ముందు తమ మనసును అడిగి చూసుకోవాలన్నది ఆమె పద్ధతి.

ధరణి అడిగి చూసుకుంది. హాస్టల్ మేడ మీద కూర్చుని అడిగింది, బస్సులో కిటికీ పక్కన కూర్చుని అడిగింది. మనసు పలకలేదు.

ఆమెది పూతలపట్టు నుంచి లోపలికి పోయే ఒక చిన్న ఊరు. చుట్టూ మామిడి తోపులు, నడుమ చెరకు. నాయన మునస్వామి బెల్లం వండే మనిషి. ధరణి పుట్టకముందు నుంచీ హరినాథ్ అనే రైతు గానుగ దగ్గరే పని. పెనంలో రసం పొంగు మీద ఉన్నప్పుడు బెండకాడల జిగురు ఎప్పుడు పోయాలి, పైకి తేలిన మడ్డిని ఎంతవరకు తీయాలి, పాకం గరిటె నుంచి జారే తీరు చూసి మంట ఎప్పుడు తగ్గించాలి, ఇవేవీ ఆయనకు కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు. చూసి, చేసి, చెయ్యి కాల్చుకుని నేర్చుకున్నాడు. పెనం పొయ్యి మీద ఉన్నంతసేపు ఆయన్ను ఎవరూ కదిలించలేరు. పక్కనే పెళ్లి ఊరేగింపు పోతున్నా తలెత్తడు.

ఆ ఊళ్లో చెరకు కొట్టడానికి ఒక రివాజు ఉంది. తోటను నాలుగు పక్కల నుంచీ కొట్టుకుంటూ లోపలికి పోతారు. పచ్చటి చెరకు రోజురోజుకీ కుంచించుకుపోయి, ఆఖరికి నడుమ ఒక చిన్న ముక్క మిగులుతుంది. దాన్ని చివరి మడి అంటారు. ఏడాదంతా ఆ తోటలో బతికినవన్నీ కత్తుల చప్పుడుకు బెదిరి ఆ మడిలోకే చేరి ఉంటాయి. చెవులపిల్లులని పిలిచే కుందేళ్లు, కౌజుపిట్టలు, ఉడుములు, ముంగిసలు. చివరి మడి కొట్టే రోజు సగం ఊరు కట్టెలు, కుక్కలు పట్టుకుని వచ్చి చుట్టూ నిలబడుతుంది. లోపల్నుంచి ఏది బయటికి దూకినా వదలరు.

చిన్నప్పుడు ధరణి కూడా ఆ గుంపులో నిలబడి గొంతు పోయేలా అరిచింది. అయితే ఆమెకు బాగా గుర్తుండిపోయింది జంతువులు కావు, మనుషుల ముఖాలు. ఎదురింటి అవ్వ ఒకామె ఉండేది. తల్లి చచ్చిన గొర్రెపిల్లకు ఒడిలో పెట్టుకుని పాలు తాగించే మనిషి. చివరి మడి రోజున ఆమె కొంగు నడుముకు చుట్టి "కొట్టండ్రా" అని కేకలు పెట్టేది. మర్నాడు మళ్లీ గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. నిన్నటి ముఖం ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది అని ధరణి ఆమెనే తదేకంగా చూస్తూ ఉండేది. ఏంది మే అట్లా చూస్తావని అవ్వ కసిరేది.

నాయన మాత్రం ఆ గుంపులో ఎప్పుడూ కనబడలేదు. ఆయనది జాలిగుండె అని ధరణి చాలా ఏళ్లు నమ్మింది. కాలేజీలో చేరాక ఒకసారి ఆ మాట అంటే మునస్వామికి అర్థం కాలేదు.

"పొయ్యి మింద పెనం పెట్టుకోని యాడికి పోయేది మే?" అన్నాడు. "కూర మాత్రం తిన్నాను గదా."

ఇక పోస్టరు సంగతి. మొదటిసారి పోస్టర్లు వేయించేటప్పుడు ధరణి జంగుపిల్లి బొమ్మ పట్టుకుని తిరుపతిలో భానుచందర్ అనే అతని ప్రింటింగు షాపుకు వెళ్లింది. ఆమె ఊరి చుట్టుపక్కల చెరకు తోటల్లో ఉండేది అదే. ఇంటి పిల్లికన్నా కొంచెం పెద్దగా, కాళ్లు పొడుగ్గా ఉంటుంది. భానుచందర్ ఆ బొమ్మ చూసి పెదవి విరిచాడు. పిల్లిని చూడ్డానికి ఎవరు ఆగుతారమ్మా, చిరుతను పెట్టు, దారిన పోయేవాడు మెడ తిప్పి చూస్తాడు అన్నాడు. తిరుమల నడకదారి పక్క చిరుత తిరిగిందన్న వార్తలు అందరి నోళ్లలో నానుతున్న కాలం అది. ధరణికి అతని మాట సబబుగానే తోచింది. నోరు తెరిచి, పళ్లు బయటపెట్టిన చిరుత బొమ్మ వేయించి, కింద 'కాపాడుకుందాం' అని పెద్దక్షరాల్లో రాయించింది. ఒకటి తీసుకెళ్లి తమ ఊరి పాలకేంద్రం గోడకు తనే అంటించింది. నిజంగానే పాలు పోయడానికి వచ్చిన వాళ్లందరూ ఆగి చూశారు. ధరణి సంతోషపడింది.

మాఘమాసంలో ఒక పొద్దున హాస్టల్లో టిఫిన్ దగ్గర ఉండగా నాయన ఫోను చేశాడు. బెల్లం వండే రోజుల్లో ఆ వేళప్పుడు ఆయన ఫోను చేయడమే వింత.

"మే, నువ్వు పాలకేంద్రం గోడకు అంటించినావే చిరుత, అది మన హరినాథన్న తోటలో పిల్లల్ని పెట్టుండాది అంటాండారు. కొట్టేవాళ్లు కత్తులు ఆడనే పడేసి గట్టెక్కి కూసున్నారు. తోటకు నిప్పు పెడతానంటాండాడు ఆయన. నువ్వొక మాట వచ్చి చెప్తే ఇంటారేమో."

చెరకు కొట్టే కూలీల్లో గిరి అనే అతను ఫోటో తీసి పంపాడు. గంపలో గోనెపట్ట మీద రెండు కూనలు. ఫోటో మసకగా ఉంది. ఒంటి మీద ఉన్నవి చుక్కలో చారలో ధరణికీ తెలియలేదు. జంగుపిల్లి పెద్దదయ్యాక ఒళ్లంతా ఒకే రంగుగా ఉంటుంది గానీ, కూనగా ఉన్నప్పుడు చారలుంటాయని ఎక్కడో చదివింది. చదివిందే తప్ప చూసింది లేదు. అటవీశాఖ వాళ్లకు ఫోను చేస్తే, మనిషిని పంపుతాం, మధ్యాహ్నం దాటుతుంది, అందాకా ఎవరినీ దగ్గరికి పోనీయవద్దు అన్నారు. ధరణి చిత్తూరు బస్సెక్కింది.

పూతలపట్టులో దిగి ఆటో మాట్లాడుకుంది. తోట దగ్గరికి పోయేముందు పాలకేంద్రం దగ్గర ఆపించి, గోడ మీది పోస్టరును మూలలు చిరగకుండా గోటితో గీరి ఊడదీసింది. ఎందుకు తీసుకుందో అప్పటికి ఆమెకూ తెలియదు. దాని పక్కన నిలబడటం ఇబ్బందిగా అనిపించింది, అంతే.

గట్టు మీద హరినాథ్ తువ్వాలు తలకు చుట్టుకుని కూర్చున్నాడు. చేతిలో ఎండిన చెరకాకు సోగ మోపు, పక్కన అగ్గిపెట్టె. చెడ్డవాడు కాదు, భయపడిన మనిషి. తోట పక్కనే ఆయన ఆవుల పాక ఉంది, మనవళ్లు ఆ దారినే బడికి పోతారు.

"వచ్చినావా పాపా," అన్నాడు. "నీ చుట్టం వచ్చుండాది, సూడు."

చట్టం ప్రకారం అలా నిప్పు పెట్టకూడదని, జైలవుతుందని చెప్పడానికి ధరణి నోరు తెరవబోయి ఆగింది. భయంలో ఉన్నవాడికి లెక్కలూ చట్టాలూ ఎక్కవని ఆమె పాఠంలోనే ఉంది. అంతకన్నా ముందు, అది చిరుత కాదని చెప్పడానికి తనకే నమ్మకం లేదు. ఆ మాటే చెప్పింది.

"నాకూ సరిగ్గా తెలీదు మామా. అందరం ఒకసారి సూద్దాం. బొమ్మ తెచ్చినాను."

పోస్టరు నేల మీద పరిచి నాలుగు మూలలా రాళ్లు పెట్టింది. దాని పక్కన గంప. ముందు ఎవరూ కదల్లేదు. కూలీల మేస్త్రి ఆనందమ్మ లేచి వచ్చింది. కూనలను పొద్దున ఎత్తి గంపలో వేసింది ఆమే. ఆమె వంగేసరికి మిగిలిన ఆడవాళ్లు వచ్చారు, వాళ్ల వెనక మగవాళ్లు. ధరణి ఏమీ చెప్పలేదు. చెవులు ఎట్లా ఉన్నాయి, తోక ఎట్లా ఉంది అని అడుగుతూ పోయింది. పోస్టరు గోడ మీద ఉన్నన్నాళ్లూ ఎవరూ ఆ పళ్లను దాటి ఇంకేమీ చూసినట్టు లేదు. ఇప్పుడు చూశారు. చిరుత చెవులు గుండ్రంగా ఉన్నాయని ఒకరన్నారు, కూనలవి మొనదేలి ఉన్నాయని ఇంకొకరన్నారు. గిరి గంపలోకి తలపెట్టి, ఒంటి మీదవి చారలే, చుక్కలు కావన్నాడు. తోక పొట్టిదని, కొసన నల్లటి కట్లున్నాయని ఆనందమ్మ కర్రపుల్లతో చూపించింది. అంతలో ఒక కూన నోరు తెరిచి అరిచింది. ఆ అరుపు వినగానే ఎవరో కిసుక్కున నవ్వారు.

హరినాథ్ కూడా వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు.

"ఇది జంగుపిల్లి గదమ్మా," అన్నాడు. "మా తోటలో ఇది కొత్తా ఏంది? ఆ బొమ్మ లేకుంటే పొద్దన్నే పిల్లి అనే అందును నేను. దినామూ పాలు పోసేటప్పుడు దాని మొగమే సూస్తిని. కంట్లో అదే నిలిచిపోయినాది."

ఆ మాట ధరణికి చురుక్కుమని తగిలింది. దాంతోపాటు ఇంకోటి కూడా కలిగింది. అది సిగ్గు కాదు. చిన్నప్పుడు అవ్వ ముఖం చూస్తున్నప్పుడు కలిగినటువంటిది. కాపాడమని అంటించిన బొమ్మ ఈయన కంట్లో చేరి, ఉన్న పిల్లిని కనబడకుండా ఎలా చేసింది?

"ఆ బొమ్మ పెట్టింది నేనే మామా," అంది. "ఆ గోడ మింద పిల్లి ఉండాల్సింది."

భయం తీరింది కదా, ఇక ఇబ్బంది లేదనుకుంది. అక్కడే ఆమె లెక్క తప్పింది.

భయం పోయిన చోట సరదా వచ్చి కూర్చుంది. చిన్నబ్బ అని ఆ ఊరి మనిషి ఒకడున్నాడు, ఏటా చివరి మడికి అందరికన్నా ముందు వచ్చేది అతనే. పిల్లేనా, అయితే తల్లి లోపల్నే ఉండాది, దానితోపాటు చెవులపిల్లులూ ఉండాయి, నాలుగు పక్కలా కొడితే అన్నీ నడుమకే చేరతాయి, ఇంకా దేనికి ఆలస్యం అంటూ ఊళ్లోకి కబురు చేశాడు. కాసేపటికి కట్టెలు వచ్చాయి, అతని కుక్కలు రెండూ వచ్చాయి. పొద్దున గట్టెక్కి వణికిన వాళ్లే నడుములు బిగించారు. వద్దని ధరణి అంటే వినిపించుకునేవాళ్లు లేరు. పాపం అంది. ఒకామె అవును పాపమే అని ఒప్పుకుని, కట్టె మాత్రం కింద పెట్టలేదు.

ధరణి గానుగ దగ్గరికి పరుగెత్తింది. మునస్వామి ఖాళీ పెనం ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. పొయ్యి ఆరిపోయింది. కొట్టిన చెరకు ఎండకు వాడిపోతే రసం పులుస్తుంది, పులిసిన రసం బెల్లంగా గడ్డకట్టదు. ఆయన దిగులు ఆయనది.

"నాయనా, నాలుగు పక్కల నుంచి ఎందుకు కొడతారు?" అని అడిగింది.

మునస్వామి కూతురి వైపు చూశాడు. ఎప్పుడూ ఎవరూ అడగని ప్రశ్న. తెలియదన్నాడు. తన పెనం దగ్గరికి చెరకు వచ్చేదే తనకు తెలుసు, అక్కడ ఎలా కొడతారో ఆనందమ్మనే అడగమన్నాడు. అడగమని ఊరుకోకుండా, చిత్రంగా, తనూ లేచి వచ్చాడు. పెనం ఖాళీగా ఉంది కదా.

ధరణి మళ్లీ గట్టెక్కి హరినాథ్‌ను అడిగింది. మా నాయన కాలం నుంచీ అంతే అన్నాడు. చెవులపిల్లుల కోసమా అంటే, అవి దొరికితే దొరికినాయి గానీ వాటి కోసం తోట కొడతారా అని నవ్వాడు. ఆనందమ్మను అడిగింది. ఆమె దగ్గర జవాబుంది. కూలీలు నాలుగు జట్లు. జట్టుకొక పక్క ఇచ్చేస్తే ఎవరెంత కొట్టారన్న తగాదా ఉండదు. అందరినీ ఒకే పక్క దింపితే, మంచి సాళ్లు వాళ్లకిచ్చినావు, పడిపోయిన చెరకు మాకిచ్చినావు అని పొద్దుగూకులూ పోట్లాటే. అందుకని ఒకరి మొహం ఒకరికి కనబడకుండా నాలుగు దిక్కులా పెడుతుందట.

ధరణికి నవ్వొచ్చింది. ఇన్నేళ్లుగా మనుషుల్లో క్రూరత్వం ఎక్కడుందో వెతుకుతోంది. తీరా చూస్తే నాలుగు జట్లు కొట్లాడుకోకుండా ఉండటానికి వేసుకున్న ఏర్పాటు అది. చివరి మడి దాని కొసన దానంతటదే మిగిలిపోయింది. మిగిలింది కాబట్టి జనం వచ్చారు.

"అక్కా, సాళ్లు పంచితే?" అంది. "దారి పక్క నుంచి మొదలుపెట్టి, వరసగా జట్టుకొక సాలు. ఒకటి నీ జట్టుకు, ఒకటి గిరి జట్టుకు, అట్లా మళ్లీ మొదటికి. పడిపోయిన చెరకు ఎవరి సాల్లో ఉంటే అది వాళ్ల రాత. వంక పక్కకు మాత్రం ఎవరూ పోవద్దు."

వంక అంటే చిన్న ఇసుక వాగు, తోటకు పడమట ఉంది. చుట్టూ తుమ్మ పొదలు. ఆ పక్క నేల వాలుగా ఉండి కొట్టడం కష్టం కాబట్టి ఇంకా రెండు మూడు సాళ్లే పడ్డాయి. తోట ఇప్పటికీ దాదాపు వంకకు ఆనుకునే ఉంది. దారి పక్క నుంచి కొట్టుకుంటూ పోతే లోపలున్నవి జరుగుతూ జరుగుతూ వంకలోకి దిగిపోతాయి.

ఆనందమ్మ వెంటనే ఒప్పుకోలేదు. తోటను అటు చివర నుంచి ఇటు చివరకు చూసుకుంది. ట్రాక్టరు ఒక్క చోట నిలబెడితే మోపులు మోసే దూరం తగ్గుతుందా అని గిరిని అడిగింది. తగ్గుతుందన్నాడు గిరి. హరినాథ్ అప్పటికే ఇంకో లెక్కలో పడ్డాడు. కొట్టిన మోళ్ల నుంచే వచ్చే ఏటి పంట చిగురించాలి. చివరి మడి రోజున జనమూ కుక్కలూ పరుగెత్తి ఏటా ఆ నడుమ మోళ్లన్నీ తొక్కేస్తారు, అక్కడ చిగురు పలచగా వస్తుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు గానీ, ఊరంతా వచ్చే చోట వద్దనడం ఎలా అని ఊరకుండిపోయేవాడు.

ఎవరూ ఏమీ తేల్చకుండా నిలబడి ఉంటే మునస్వామికి ఓపిక నశించింది.

"నాకు చెరకు కావాల," అన్నాడు. "యా పక్క నుంచి వచ్చినా రసం ఒకటే."

దాంతో ఆనందమ్మ కత్తి తీసుకుని దారి పక్కకు నడిచింది. ఆమె వెనకే జట్లు నడిచాయి. కట్టెలు పట్టుకున్న వాళ్లకు ఏం చెయ్యాలో తోచలేదు. నడుమ మడి లేదు, చుట్టుకోవడానికి చోటు లేదు. ఎదురుగా పొడుగ్గా ఒక చెరకు గోడ, దాని ముందు వంగిన నడుములు, అంతే. కాసేపు నిలబడి ఒకరొకరే వెళ్లిపోయారు. చిన్నబ్బ ధరణి దగ్గర ఆగాడు.

"ఈ యేడు కూర లేకుండా చేసినావు గదమ్మే. ఇదేనా తిరుపతిలో నేర్పించేది?"

ధరణి కన్నా ముందు ఆనందమ్మ తలెత్తకుండానే జవాబిచ్చింది. "కూర కావాలంటే కోడిని కొనుక్కో అప్పా. ఆ కుక్కల్ని ముందు కట్టేసుకో, మా కాళ్ల మధ్యలో తిరగతాండాయి."

అటవీశాఖ మనిషి చెప్పినట్టే మధ్యాహ్నం దాటాక మోటారుసైకిలు మీద వచ్చాడు. గంపలోకి చూసి జంగుపిల్లే అన్నాడు. తల్లి దగ్గర్లోనే ఉంటుంది, గంపను వంక గట్టున నీడలో పెట్టి అందరూ దూరంగా ఉండండి, రేపటికి కూడా రాకపోతే ఫోను చెయ్యండి అని నంబరు ఇచ్చి వెళ్లాడు. ఆనందమ్మ గంపను పక్కకు ఒరిగించి, లోపల ఎండు సోగ పరిచింది. కూనలు ఎత్తిన చోటి సోగనే తెచ్చి పరిచింది, వాసన తెలుస్తుందని.

ధరణి ఆ సాయంత్రం గానుగ దగ్గర కూర్చుంది. గంప కనబడేంత దగ్గర కాదు, అరుపు వినబడేంత దూరం. మొదట కూనలు అరిచాయి. తల్లి రాకపోతే? మనిషి చెయ్యి తగిలిందని వదిలేస్తే? పెనంలో రసం పొంగుతున్న చప్పుడులో వాటి అరుపు ఒకసారి వినిపించి ఒకసారి వినిపించక ఆమె ప్రాణం కొట్టుకులాడింది. పిల్లంటే పడని మనిషి తను. ఆ సంగతి గుర్తొచ్చి తనలో తనే ఆశ్చర్యపోయింది. వెళ్లి చూసొస్తానని రెండుసార్లు లేచింది. రెండుసార్లూ మునస్వామి పాకం మీద నుంచి చూపు తిప్పకుండానే వద్దన్నాడు. ఉడుకుతున్నదాన్ని ఊరికే కదిలిస్తే చెడుతుందని ఆయన వృత్తిలో తెలిసిన సంగతి.

చీకటి పడేసరికి అరుపులు ఆగిపోయాయి. ఆగిపోవడం మంచికో చెడుకో తెలియలేదు.

తెల్లవారి పనికి వచ్చిన ఆనందమ్మ ముందు వంక గట్టుకే వెళ్లింది. గంప ఖాళీగా ఉంది. సోగ చెదరలేదు, రక్తం లేదు. వంక ఇసుకలో తుమ్మ పొదల దాకా పిల్లి అడుగులు ఉన్నాయి. ఒకసారి పోయి, మళ్లీ వచ్చి, మళ్లీ పోయిన అడుగులు. తల్లిని ఎవరూ చూడలేదు. ధరణి ఆ అడుగుల పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది.

తోట ఆఖరి సాలు పడేదాకా ఊళ్లోనే ఉంది. ఆ రోజు జనం రాలేదు. చెరకు అయిపోయింది, అంతే.

తిరుపతి వెళ్లాక రేవతి మేడమ్ మళ్లీ అడిగింది. జంతువులంటే ఇష్టమో కాదో ఇప్పటికీ చెప్పలేనంది ధరణి. మంచివాళ్లు ఒక పనిని ఎందుకలా చేస్తారో వాళ్లనే అడిగితే చాలాసార్లు కారణం వేరే ఉంటుందని, ఆ కారణం తెలిస్తే పనిని కొంచెం పక్కకు జరపవచ్చని, జరిపితే ఒక పిల్లి బతుకుతుందని చెప్పింది. తనకు ఆ అడగడమంటే ఇష్టమంది. మామిడి తోపుల్లో మందు కొట్టేవాళ్లు తేనెటీగలు పూత మీద వాలే పొద్దుటి పూటే ఎందుకు కొడతారో కనుక్కోవాలని ఉందంది. మేడమ్ సరే వెళ్లమంది.

వెళ్లేముందు ధరణి భానుచందర్ షాపుకు పోయింది. ఈసారి తనే గీసుకున్న బొమ్మ ఇచ్చింది. ఒక చెరకు తోట, ఒక పక్క దారి, ఇంకో పక్క వంక, దారి నుంచి వంక వైపు ఒక బాణం గుర్తు. భానుచందర్ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఇందులో జంతువు యాడుందమ్మా?"

"అది కనబడదన్నా," అంది ధరణి. "ఎవురికీ కనబడకుండా ఎల్లిపోయుండాది."